నాయిన తిరిగిన రూట్లలో

మా నాయిన సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ ఒక రూట్లో చేసేవాడు, డ్యూటీ దిగినాక ఇంకో రూట్లో తిరిగేవాడు. ఆ రెండో రూట్లో ఆస్పత్రులు, బ్లడ్ బ్యాంకులు, వాన నీళ్లు చేరిన బస్తీలు, ఎండాకాలం చలివేంద్రాలు ఉండేవి. ఆయన పోయాక వచ్చిన మొదటి పెత్రమాసకు, అంటే పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్యకు, హనుమకొండ నుంచి హైదరాబాద్‌లోని పుట్టింటికి వస్తూ, కాస్త ముందుగానే సెలవు పెట్టుకుని ఆ రూట్లన్నీ తిరిగి చూడాలనుకున్నాను. ఆయన పోయినప్పటి నుంచి చుట్టాలు, బస్తీవాళ్లు అందరూ "దేవుడసొంటి మనిషి" అంటున్నారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట నాకు నచ్చదు. దేవుడికి డ్యూటీ లేదు, వీక్లీ ఆఫ్ లేదు, నెలాఖరు లేదు. నాయినకు అవన్నీ ఉన్నాయి. అవన్నీ ఉండి చేశాడు.

శనివారం, సెప్టెంబర్ 28, 2024

పొద్దున్నే హనుమకొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి చేతికిచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా ప్రయాణం ఉచితం. అప్పటికి నాయిన రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన రోజుల్లో చిల్లర లేకపోతే ఇవ్వాల్సిన పైసలు టికెట్ వెనక రాసిచ్చేవాళ్లు. దిగేటప్పుడు కొందరు ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడి అట్లనే దిగిపోయేవాళ్లట. అలాంటివాళ్లను పేరు తెలియకపోయినా "ఓ అమ్మా, ఆకుపచ్చ చీర, నీ రెండు రూపాయలు" అని కిటికీలోంచి కేకేసేవాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. స్కూలు లేని రోజుల్లో ఆయన బస్సులోనే ముందు సీట్లో కూర్చునేదాన్ని, అక్కడ విన్నాను.

జనగామ, ఆలేరు, భువనగిరి, ఉప్పల్ దాటి ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగాను. బ్యాగు భుజానికేసుకుని అఫ్జల్‌గంజ్ వైపు నడిచాను. ఈ తేదీ కావాలని పెట్టుకున్నదే. 1908లో సరిగ్గా ఈ రోజున మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. పదిహేను వేల మంది దాకా పోయారని చెప్తారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. మళ్లీ అట్లా జరగకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. మనం గండిపేట చెరువు అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నీళ్ల కోసం మాత్రమే పుట్టింది కాదు.

నాయిన ఏటా ఈ రోజున మమ్మల్ని, అంటే నన్నూ అన్ననూ, ఇక్కడికి తీసుకొచ్చేవాడు. డ్యూటీ ఉంటే మధ్యాహ్నం బ్రేకులో వచ్చేవాడు. కథ చెప్పేవాడు, చెట్టు మాను మీద చెయ్యి వేయించేవాడు, గౌలిగూడ మూలన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి ఇంటి బస్సు ఎక్కించేవాడు. ఈ ఊర్లో పుట్టినోళ్లకు ఈ సంగతి తెలియాలె అనేవాడు. ఇవాళ కూడా చెట్టు కింద కొందరు పెద్దవాళ్లు చేరి మాట్లాడుకుంటున్నారు. పక్కనే పాత ఆస్పత్రి భవనం ఖాళీగా ఉంది. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లు వచ్చాక అందులోంచి రోగులను తరలించారు.

అక్కడి నుంచి చాదర్‌ఘాట్ వంతెన దిగి మూసానగర్ పోయాను. ఈ వారం అక్కడి గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి ఉంది. నది గర్భంలో ఉన్న ఇళ్లని అధికారులు వేసిన గుర్తులు. ప్రతి గుమ్మంలో అదే చర్చ. ఎక్కడికి పంపుతారు, పిల్లల బడి ఎట్లా అని నన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇళ్లు కట్టుకున్నవాళ్లకు భద్రమైన చోటు ముందు చూపించి తర్వాత గోడ మీద రాయాలి అని మాత్రం నాకు గట్టిగా అనిపించింది.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఈ బస్తీ మునిగింది. అప్పటికే కరోనా. నాయిన రిటైరైన మనిషి, అమ్మ వద్దని ఏడ్చింది. తెల్లారి తన పాత డిపో వాళ్లను ఇద్దరిని వెంటేసుకుని ఇక్కడికి వచ్చాడు. అందరూ అన్నం పొట్లాలు తెచ్చారు. ఈయన మాత్రం గోనె సంచిలో చెప్పులు తెచ్చాడు. చిన్నవి, పెద్దవి, హవాయి చెప్పులు. "అన్నం అందరు తెస్తరు బిడ్డా. బురదల సీసపెంకులుంటయి, కాలు కోసుకుంటే ఈ టైంల ఏ ఆస్పత్రికి పోతరు" అని ఫోన్లో నాతో అన్నాడు.

రెండో రోజు నుంచి ఆయన చేసిన పని ఇంకోటి ఉంది. ఒక వరండాలో పాత పేపర్లు పరిచి తడిసిన కాగితాలు ఆరబెట్టడం. రేషన్ కార్డులు, ఆధార్లు, పదో తరగతి మెమోలు. ముద్దయిపోయిన మెమోను నేరుగా లాగితే చినుగుతుంది. ముందు దాని మీద ఒక పొడి పేపరు వేసి అరచేత్తో అద్దాలి. అది నీళ్లు పీల్చుకున్నాక తీసేసి ఇంకోటి వేయాలి. నాలుగైదు సార్లు అట్లా చేశాక అంచు తనంతట తానే లేస్తుంది. అప్పుడు రెండు చేతుల బొటనవేళ్లతో పట్టి ఎత్తి, తాడుకు బట్టల క్లిప్పు పెట్టి వేలాడదీయాలి. ఎండలో పెట్టొద్దు, సిరా ఎగిరిపోతుంది. నాకివన్నీ ఎట్లా తెలుసంటే, ఆ రోజు ఆయన్ని చూసిన ఒకావిడ ఇవాళ తన ఇంట్లోంచి ఒక మెమో తెచ్చి చూపించి, మొత్తం పద్ధతి చేత్తో చేసి చూపించింది. వాళ్ల అమ్మాయి మెమో అది. ఒక మూల మరక ఉంది, మార్కులు మాత్రం చక్కగా కనపడుతున్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఆదివారం

పార్సిగుట్టలో మా ఇంటికి పొద్దున్నే డ్రైవర్ పెదనాయిన వచ్చాడు. చుట్టరికం కాదు, నాయినతో ఏళ్ల తరబడి ఒకే బండి మీద పనిచేసిన మనిషి. అమ్మ చాయ్ పెట్టింది. రక్తం పని ఎట్లా మొదలైందో నాకు ఎప్పుడూ పూర్తిగా తెలియదు, ఆయన్ని అడిగాను.

"5కే బస్సు మీద ఉంటిమి. లకిడికాపూల్ కాడ ఒకాయన ఎక్కిండు. చేతిల ప్లాస్టిక్ కవర్, అండ్ల ఐస్, ఐస్ మీద రక్తం సంచి. బండి కిటకిటలాడుతున్నది. ఆయన కవర్ ఎత్తిపట్టుకొని నెట్టకుండ్రి, నెట్టకుండ్రి అంటున్నడు. మీ నాయిన జనాన్ని తప్పిచ్చి తన సీటుల కూసోబెట్టిండు. ఎవరికి, ఏంది అని అడిగిండు. భార్యకు కాన్పట. ఆ సంచి గేటు బయట మనిషి కాడ కొన్నడట. అమ్మెటోడు వారంల ఎన్నిసార్లు అమ్ముతుండో ఎవరికి తెలుసు? ఆ రాత్రి మీ నాయిన డిపోల అందరి గ్రూపులు రాసుకున్నడు."

అప్పట్లో అది మామూలే. డబ్బుకు రక్తం ఇచ్చేవాళ్లు పెద్దాస్పత్రుల దగ్గర కాచుకుని ఉండేవాళ్లు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి అది ఆగింది. చట్టం అమ్మకాన్ని ఆపగలిగింది, ఇచ్చేవాళ్లను మాత్రం ఎవరో ఒకరు వెతికి పట్టుకోవాల్సిందే.

నాయిన పట్టుకున్న పద్ధతి ఆయన లాంగ్ నోట్‌బుక్కులో ఉంది. అన్న బీరువాలోంచి తీసిచ్చాడు. మామూలుగా ఎవరైనా పేర్లు అక్షర క్రమంలో రాస్తారు, లేదా గ్రూపు వారీగా రాస్తారు. నాయిన బస్సు నంబర్ల వారీగా రాశాడు. పేజీ పైన 218 అని ఉంటుంది, కింద పటాన్‌చెరు నుంచి కోఠి దాకా ఏ స్టాపు దగ్గర ఎవరున్నారో వరుసగా పేర్లు, గ్రూపు, ఎప్పుడిచ్చారో తేదీ. ఇంకో పేజీ 127కే. ఇంకోటి 49ఎం. నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలో పాపకు ప్లేట్‌లెట్లు కావాలంటే లకిడికాపూల్ మీదుగా పోయే బండ్ల పేజీలు తెరవాలి. గాంధీలో కావాలంటే ముషీరాబాద్ మీదుగా పోయేవి. ఎర్ర రక్తకణాలను ఫ్రిజ్‌లో నెలకు పైగా దాచొచ్చు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి ఉండవు. డెంగీ రోజుల్లో, అంటే సరిగ్గా ఈ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, మనిషి ఎంత మంచివాడన్నది కాదు, ఎంతసేపట్లో వచ్చి కుర్చీలో కూర్చుంటాడన్నదే లెక్క. కండక్టరుకు తప్ప ఇంకెవరికీ ఈ వరుస తోచదని నా నమ్మకం.

పాత పేజీల్లో నంబర్ల పక్కన పీపీ అని ఉంది. ఇంట్లో ఫోన్ లేనివాళ్లకు పక్కింటిదో, కిరాణా కొట్టుదో నంబరు. ఆ కొట్టువాళ్ల పేర్లు కూడా రాసిపెట్టుకున్నాడు, దసరాకు వాళ్లకు జమ్మి ఆకు పెట్టి రావడానికి.

సాయంత్రం పెదనాయిన, నేను గాంధీ ఆస్పత్రి దాకా నడిచాం. రిటైరయ్యాక నాయిన రోజూ పొద్దున కూర్చునే చోటు చూపించాడు. ఆదిలాబాద్ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లకు ఓపీ చీటీ ఎక్కడ, ఎక్స్‌రే ఎక్కడ, మందులెక్కడ అనేది తెలియదు. బాణం గుర్తులుంటాయి, చదువు రానివాళ్లకు బాణం ఎటు చూపిస్తే ఏముంది. వాళ్లను చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకుపోవడం ఆయన పని. 2020లో ఈ ఆస్పత్రిని పూర్తిగా కరోనా రోగులకే కేటాయించినప్పుడు లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. అప్పుడు గేటు బయట నిలబడి, లోపలున్నవాళ్ల ఫోన్లకు రీఛార్జి చేయించి పెట్టేవాడట. మనిషి గొంతు వినపడకపోతే బయటున్నవాళ్లు సగం చచ్చిపోతారని ఆయనకు తెలుసు.

సోమవారం

అఫ్జల్‌గంజ్‌లో ఆరాంఘర్ వైపు పోయే బస్సెక్కి శివరాంపల్లిలో దిగాను. తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉన్నది అక్కడే. తలసీమియా పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో పెట్టుకున్న సంస్థ. నాయిన నెలకోసారి ఇటు వచ్చేవాడు, దాతల్ని వెంటబెట్టుకుని.

ఈ జబ్బు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే నాయిన బస్సులో కూడా చెప్పేవాడు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ జన్యువుల్లో ఆ జబ్బు లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ నూటికి ఇరవై ఐదు వంతులు బిడ్డకు పెద్ద తలసీమియా వచ్చే అవకాశం ఉంటుంది. తల్లిదండ్రులు మాత్రం పైకి ఆరోగ్యంగానే ఉంటారు. బిడ్డకు ఆర్నెల్లు దాటాక ముఖం తెల్లబడుతుంది, పాలు తాగదు. అక్కడి నుంచి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికున్నంత కాలం. ఎక్కించిన ప్రతి సంచితో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపడానికి మళ్లీ మందులు. పెళ్లికి ముందో, గర్భం వచ్చిన మొదటి నెలల్లోనో హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే ముందే తెలిసిపోతుంది. నా పెళ్లప్పుడు జాతకాలు చూసిన అయ్యగారితో నాయిన "అవి మీరు చూడుండ్రి, ఇది నేను చూస్త" అని పిల్లవాణ్ణీ నన్నూ ల్యాబుకు తీసుకుపోయాడు. అప్పుడు మా అత్తగారింట్లో కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా. ఇప్పుడు మా అత్తమ్మే తమ వైపు పెళ్లిళ్లలో ఈ పరీక్ష గురించి అడుగుతుంది.

వరండాలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, ఏడెనిమిదేళ్ల బాబు కూర్చుని ఉన్నారు. బాబు చేతికి సూది, పైన సంచి. వాడు ఎడం చేత్తో డ్రాయింగ్ పుస్తకంలో బస్సు గీస్తున్నాడు. ఎండాకాలం కాలేజీలు మూసేస్తే క్యాంపులుండవు, రక్తానికి కరువొస్తుంది, అప్పుడే మాకు భయం అని ఆ తల్లి చెప్పింది. నాయిన ఏప్రిల్, మే నెలల్లో ఎందుకు ఇంట్లో ఉండేవాడు కాదో అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది. చలివేంద్రం కుండలు నింపి, అటు నుంచి అటే ఇటు వచ్చేవాడన్నమాట.

మంగళవారం, అక్టోబర్ 1

ఇది జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. విద్యానగర్ రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు అన్నతో కలిసి పోయాను. వేలికి చిన్న పోటు పొడిచి, ఒక చుక్కను నీలం రంగు మైలుతుత్తం నీళ్లలో వేశారు. చుక్క తేలితే రక్తం పలచగా ఉన్నట్టు, మునిగితే హిమోగ్లోబిన్ పన్నెండున్నరకు పైన ఉన్నట్టు. నాది ముత్యంలాగా గుండ్రంగా, నేరుగా అడుగుకు పోయింది.

ఆ చుక్క నాయినది. చిన్నప్పుడు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు రోజూ జేబులో పల్లీపట్టీ తెచ్చేవాడు. ఆదివారం మునగాకు పప్పు తానే వండేవాడు. ఆడపిల్లలకు రక్తం తక్కువుంటే చదువు తలకెక్కదు అని, అన్నకు ఒక పల్లీపట్టీ అయితే నాకు రెండు ఇచ్చేవాడు. అన్నకు దాని మీద ఇప్పటికీ కినుకే, ఇవాళ కుర్చీలో పడుకుని కూడా దాన్నే తలుచుకున్నాడు. ఊరందరి కోసం తిరిగే మనిషి ఇంటిని పట్టించుకోడని ఒక మాట ఉంటుంది, చాలా ఇళ్లలో నిజం కూడా. మా ఇంట్లో అట్లా జరగలేదు. ఎక్కడికి పోయినా మమ్మల్ని వెంట తీసుకుపోవడమే ఆయన పెంపకం.

బుధవారం, పెత్రమాస

పొద్దున గుళ్లో అయ్యగారికి బియ్యం, పప్పు, తోటకూర, గుమ్మడికాయ ముక్క, దక్షిణ ఇచ్చి నాయిన పేరు చెప్పించాం. ఈ ఏడు నుంచి ఆయన కూడా పెద్దల్లో కలిశాడు. ఆ పేరు అయ్యగారి నోట తాతల పేర్ల పక్కన విన్నప్పుడు అన్న తల వంచుకున్నాడు, నేను బయటికి నడిచాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక మేనత్త పాత మాటే మళ్లీ తీసింది. నాయిన కళ్లు దానం చేయడం ఆమెకు ఇప్పటికీ మింగుడుపడలేదు. కళ్లు లేకుండా పంపిస్తే పై జన్మలో ఎట్లా అని. ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. నేను హనుమకొండ నుంచి చేరేలోపే అమ్మ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి ఫోన్ చేయించింది. పోయిన ఆరు గంటల్లోపు తీయాలని నాయిన ఆమెకు ముందే చెప్పి పెట్టాడు. ఫ్యాన్ ఆపించింది, రెప్పలు మూసి తడి దూది పెట్టింది, తల కింద దిండు ఎత్తు చేసింది. అంత ఏడుపులోనూ ఒక్కటీ మరవలేదు. వచ్చినవాళ్లకు అరగంట కూడా పట్టలేదు. ముఖం మామూలుగానే ఉంది, నిద్రపోయినట్టే.

అమ్మ మేనత్తతో ఒకటే మాట అంది. "ఉన్నన్ని రోజులు ఆయన ఎవ్వరికి లేదనలే వదినా. పోయినంక నేను లేదందునా?" మేనత్త ఇంకేమీ అనలేదు, అమ్మ పళ్లెంలో ఇంకొంచెం పులిహోర వేసింది.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మా గల్లీకి గునుగు, తంగేడు నాయినే తెచ్చేవాడు. ఈ రోజుకు ముందు రాత్రి ఘట్‌కేసర్ అవతలి ఊరికి నైటౌట్ డ్యూటీ అడిగి మరీ వేయించుకునేవాడు. నైటౌట్ అంటే బండి రాత్రి ఊర్లోనే ఉండి తెల్లవారి మొదటి ట్రిప్పుకు సిటీకి రావడం. చీకటితో లేచి చెలకల్లో పూలు కోసి, మూటలు వెనక సీటు కింద పెట్టుకుని వచ్చేవాడు. గల్లీలో ప్రతి ఇంటికీ ఒక కట్ట. రిటైరయ్యాక కూడా మొదటి బస్సుకు పోయి తెచ్చాడు. ఆ చెలకలు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. ఈ ఏడు పూలు కొనుక్కోవాలేమో అనుకుంటుండగా పెదనాయిన, గల్లీ పిల్లలు ఇద్దరు ఆటోలో మూడు మూటలు దించారు. బీబీనగర్ దాటి పోయారట. నువ్వులు, నూకలు బెల్లంతో కలిపి పంచాం, రాత్రి పొద్దుపోయేదాకా ఉయ్యాలో పాటలు పాడాం. అమ్మ ఆడలేదు, కానీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరి బతుకమ్మలో గునుగు తక్కువైందో చూసి చెప్తూనే ఉంది.

గురువారం

తిరుగు ప్రయాణం. నోట్‌బుక్కును అన్న, నేను పంచుకున్నాం. పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, పేజీల ఫొటోలు నా ఫోన్లో. సిటీ మధ్య రూట్లు అన్న చూస్తాడు, ఉప్పల్ వైపువి నేను. సగం నంబర్లు మారి ఉంటాయి, ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి అడగాల్సిందే. ఉప్పల్‌లో వరంగల్ బస్సు కోసం నిలబడ్డప్పుడే మొదటి పేరుకు ఫోన్ కలిపాను. బీ నెగెటివ్, పాత పేజీల్లో చాలాసార్లు తేదీ ఉన్న మనిషి. ఎవరి బిడ్డనో చెప్పాను. అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత ఆయన, "నాకు అరవై ఐదు దాటినయి బిడ్డా, ఇప్పుడు తీసుకోరు. మా పెద్దోడు కూడ బీ నెగెటివే. వాని నంబరు రాసుకో" అన్నాడు. బ్యాగు కింద పెట్టి, పెన్ను తీసి రాసుకున్నాను. బోడుప్పల్‌లో ఉంటాడట.